చిత్తూరు నాగయ్య గొంతు

చిరంజీవి మనవరాలికి,

తిరుత్తణి నుంచి తాత ఆశీస్సులు.

తిరువళ్లూరు కాలేజీలో నాటకం వేస్తున్నావనీ, ఆ పైన సినిమాల్లోకి వెళ్లాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం. కెమెరా ముందు ఎలా నిలబడాలో నేర్పేవాళ్లు ఎవరని అడిగావు గదా, నాకు తోచిన గురువు చిత్తూరు నాగయ్యగారు. ఆయన సినిమాలే నీకు పాఠ్యపుస్తకాలు.

ఆయన పుట్టింది 1904లో, రేపల్లెలో. ఇంటిపేరు ఉప్పలదడియం. అయినా లోకానికి చిత్తూరు నాగయ్యే అయ్యారు. చిత్తూరులోని రామవిలాస సభ నాటకాలే ఆయన్ను నటుణ్ణి చేశాయి. ఆ రోజుల్లో మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. 1960 ఏప్రిల్ 1న గదా మద్రాసు రాష్ట్రంలో కలిసింది! అందుకే ఆయన్ను మనవాడనే అనుకుంటాను.

నాటకాల్లో అప్పుడు మైకులు ఉండేవి కావు. పద్యం చివరి వరసలో కూర్చున్నవాడికీ వినబడాలి, మాట మాటకీ అర్థం తెలియాలి. ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎక్కడ ఆపాలో రాకపోతే రెండో రంగానికే గొంతు పోతుంది. అలాంటి గొంతుతో 1938లో గృహలక్ష్మితో సినిమాకు వచ్చారు. ఆ మరుసటి ఏడు బి.ఎన్.రెడ్డిగారి వందేమాతరం. మరొకరైతే వేదిక మీది కేకనే తెరమీదికి తెచ్చేవాళ్లు. నాగయ్యగారు తగ్గించుకున్నారు. భక్త పోతన చూడు, భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్న మనిషి ఒక్కసారీ గొంతు చించుకోడు. మెత్తగానే కాదంటాడు, ఆ మెత్తదనం వెనుక కొండంత బలం ఉంటుంది. ఉన్న గొంతును తగ్గించడం వేరు, గొంతే లేకపోవడం వేరు. అందుకే ముందు వేదిక, తర్వాత కెమెరా అంటాను.

1946లో త్యాగయ్య. నటన, పాట, సంగీతం, దర్శకత్వం నాలుగూ ఆయనవే. తమిళనేల మీద ఉంటూ తెలుగులో పాడుకున్న త్యాగరాజస్వామి కథ మనలాంటివాళ్లకు మరీ దగ్గరిది. అంతకు ముందే, 1945లో, ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారితో తమిళ మీరాలో రాణాగా వేశారు. నీకు రెండు భాషలూ వచ్చు. నీ తెలుగులో అరవయాస ఉందని ఎవరైనా అంటే చిన్నబోకు, రెండింటినీ శుభ్రంగా పలకడం సాధించు.

ఆయన తర్వాత తండ్రి, తాత పాత్రల్లోకి మళ్లారు. చిన్న పాత్రలకూ అదే శ్రద్ధ పెట్టారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. అడిగినవాడికి లేదనని మనిషి, చివరి రోజుల్లో మాత్రం డబ్బుకు ఇబ్బంది పడ్డారు. ఆ దానగుణానికి నేను చేతులెత్తి మొక్కుతాను. నీవు మాత్రం నీ సంపాదన లెక్క నీవే రాసుకో. 1973 డిసెంబరులో మద్రాసులో కన్నుమూశారు.

ఈ సెలవుల్లో భక్త పోతన రెండుసార్లు చూడు. మొదటిసారి కథ కోసం, రెండోసారి కళ్లు మూసుకుని గొంతు కోసం. ఏ మాట దగ్గర ఆయన స్వరం తగ్గించారో గుర్తుపెట్టుకుని నాకు రాయి.

ఇట్లు,
నీ తాత