సెల్‌ఫోనులో బోరు మోటారు: తెర మీద ఏం కనిపించాలి?

సోమల, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో టమోటా పెట్టే చిన్న రైతుల్లో చాలామందికి బోరే ఆధారం. కరెంటు వచ్చే వేళకు చేనికి పోవడం, మోటారు వేయడం, మళ్లీ ఆపడం... ఇందుకే సగం పొద్దు గడిచిపోతుంది. అందుకే సెల్‌ఫోనుతో నడిచే స్టార్టరు పెట్టెలు పల్లెలకు వచ్చాయి. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ తయారుచేసిన నానో గణేష్ ఈ కోవలో ముందుగా వచ్చిన వాటిలో ఒకటి. 2009లో నోకియా నిర్వహించిన పోటీలో దానికి బహుమతి కూడా లభించింది.

ఇప్పుడు మోటారు ఒక్కటే కాదు. గేటువాల్వులు, నేల తేమ, తొట్టిలో నీటి మట్టం అన్నీ ఫోనులో ఒకేచోట చూసుకునే ఏర్పాటు వచ్చింది. దీన్నే డ్యాష్‌బోర్డు అంటున్నారు. మాట కొత్తదైనా వస్తువు మీకు తెలిసిందే. ట్రాక్టరు స్టీరింగు ముందుండే మీటర్లు ఏం చెబుతాయి? ఇంజను వేడి, ఆయిలు, డీజిలు. అవి చూడకుండా తోలితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ తెర కూడా అంతే. అందంగా ఉందా అన్నది తర్వాత, నిజం చెబుతోందా అన్నది ముందు చూడాలి.

మీట నొక్కితే నీళ్లు వచ్చినట్టేనా?

చాలా తెరల్లో ఉండే లోపం ఒకటుంది. మీరు 'ఆన్' నొక్కగానే పచ్చ గుర్తు వెలుగుతుంది. అది మీ ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే చెబుతుంది. మోటారు తిరిగిందా, నీళ్లు పోస్తోందా అన్నది అందులో లేదు. కాబట్టి మోటారు లాగుతున్న ఆంపియర్లు తెర మీద కనిపించాలి.

బోరు నిండుగా పోస్తున్న రోజు ఎలక్ట్రీషియను చేత క్లాంప్ మీటరుతో మూడు వైర్లలోనూ ఆంపియర్లు చూపించుకుని గోడ మీద రాసి పెట్టుకోండి. ఉదాహరణకు 8 వచ్చిందనుకుందాం. బోరు గాలి కొడితే లోడు తగ్గి అది ఐదుకో ఆరుకో పడిపోతుంది. ఇసుక పట్టి బిగుసుకుంటే పైకి పోతుంది. రెండు సందర్భాల్లోనూ మోటారు ఆగిపోవాలి. నీళ్లు లేక ఆగితే వెంటనే మళ్లీ వేయకుండా, బోరు ఊరేదాకా అరగంటో గంటో గడువు పెట్టించుకోవాలి. మూడు ఫేజుల ఓల్టేజి కూడా చూపించాలి. ఒక ఫేజు పోయినా నడిచే మోటారు కాలిపోతుంది, రీవైండింగు ఖర్చు, పైపులు ఎత్తి దించే కూలీ మీ నెత్తిన పడతాయి.

ఆంపియర్లు ఒక్కటే చూసినా చాలదు. గేటువాల్వు మూసి ఉన్నా అవి తగ్గుతాయి. పైపు పగిలి నీళ్లు పక్క కయ్యలోకి పోతున్నా మోటారు మామూలుగానే లాగుతుండవచ్చు. డ్రిప్పు ఉన్నవారు ఫిల్టరు దాటాక ప్రెషరు చూపే సెన్సారు ఒకటి పెట్టుకుంటే ఈ రెండూ బయటపడతాయి.

నేల తేమ సెన్సార్ల విషయంలో తొందర వద్దు. చవకగా దొరికేవి ఇచ్చే అంకె నేరుగా తేమ కాదు. మీ చేని మట్టినే బాగా ఎండబెట్టి ఒకసారి, నీళ్లలో నానబెట్టి ఒకసారి అంకె చూసుకోవాలి. ఈ రెంటి మధ్యనే మీ లెక్క. ఎర్ర నేలకు చూసిన అంకె నల్ల రేగడికి పనికిరాదు. టమోటాకు ఎండగట్టి ఒక్కసారిగా తడి ఇస్తే కాయ పగులుతుంది, అడుగు నల్లబడే తెగులూ ఎక్కువవుతుంది. కాబట్టి ఆ శ్రమ దండగేం కాదు.

కబురు ఎప్పటిది?

కొండ చాటున ఉన్న చేలకు సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. అలాంటప్పుడు తెర మీద పాత అంకే నిలబడి ఉంటుంది. ప్రతి అంకె పక్కనా అది ఎన్ని నిమిషాల కిందటిదో కనిపించాలి. పది నిమిషాలు దాటితే రంగు మారేలా పెట్టించుకోండి. బోరు ఎండితే ఆపే పని, ఫేజు పోతే ఆపే పని మాత్రం చేన్లోని పెట్టే సొంతంగా చేయాలి. ఫోను మీద వదిలేస్తే సిగ్నలు లేని రోజున మోటారును కాపాడేవాళ్లు ఉండరు. 'ఆన్'తో పాటు ఎన్ని నిమిషాలు నడవాలో కూడా పంపే పద్ధతి మేలు. అప్పుడు 'ఆఫ్' కబురు అందకపోయినా మోటారు ఆగుతుంది.

ఇక ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఇక్కడి పిల్లలు చాలామంది బెంగళూరులో, తిరుపతిలో ఉంటున్నారు. తండ్రి చేన్లో స్టార్టరు మూత తీసి వైర్లు సరిచేస్తున్నాడని తెలియక కొడుకు అక్కడి నుంచి 'ఆన్' నొక్కితే? అందుకే పెట్టె మీద 'చేతితో - ఫోనుతో' అని మార్చుకునే స్విచ్చి తప్పకుండా ఉండాలి. చేతి వైపు తిప్పితే ఏ ఫోనూ మోటారును వేయలేకూడదు. అది ఉన్నా సరే, వైరు ముట్టుకునే ముందు మెయిను దించి ఫీజులు పీకి జేబులో వేసుకోండి. ఆటోస్టార్టరు ఉన్న ప్రతి బోరుకూ ఇదే జాగ్రత్త.

సొంతంగా చేసుకోవచ్చా?

పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగులోనో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే చేయవచ్చు. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు సెన్సార్ల అంకెలు చదువుతుంది. వాటిని ఎంక్యూటీటీ అనే పద్ధతిలో పంపుతుంది. 1999లో చమురు పైపులైన్ల మీద నిఘాకు పుట్టిన పద్ధతి ఇది, తక్కువ సిగ్నలుతోనూ నడుస్తుంది. తెరను నోడ్-రెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తయారు చేసుకోవచ్చు. అయితే పిల్లల చేత ముందు చూసే పని మాత్రమే చేయించండి. ఒక పంట కాలం అంకెలు సరిగ్గా వచ్చాక మోటారు వేసే పని కలపవచ్చు. త్రీఫేజు వైరింగు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి.

పెట్టె కొనేవారు అది 2జీదా 4జీదా అని అడగండి. 2జీ పెట్టెలో జియో సిమ్ పనిచేయదు. కొనేముందు మీ ఫోనులో అదే కంపెనీ సిమ్ వేసుకుని బోరు దగ్గర నిలబడి సిగ్నలు చూసుకోండి. రీచార్జి గడువు ఇంటి క్యాలెండరులో రాసుకోండి.

ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఇలాంటి పెట్టెలు పది ఉంటే, కరెంటు రాగానే పది మోటార్లూ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది, ఫీజులు ఎగిరేది అప్పుడే. ఇరుగు పొరుగు కూర్చుని ఒకరికి 1 నిమిషం, ఇంకొకరికి 2, మరొకరికి 3 అని వంతులు వేసుకుని, పెట్టెల్లో ఆ గడువు పెట్టించుకోండి. ఎవరి వంతు ఎంతో ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద రంగుతో రాస్తే కొత్తగా బోరు వేసుకున్నవారికీ తెలుస్తుంది.