చారలుంటే చీర కట్టకూడదా?

ప్రశ్న: నా వయసు 28. బాబు పుట్టి ఏడాదైంది. పొట్ట మీద తెల్లటి చారలు మిగిలిపోయాయి. వచ్చే నెల చెల్లి పెళ్లి. చీర కడితే నడుము దగ్గర కనిపిస్తాయని బెంగగా ఉంది. ఇవి పోయే క్రీములున్నాయా?
– ఓ సోదరి

జవాబు: వీటినే స్ట్రెచ్ మార్క్స్ అంటారు. గర్భిణుల్లో సగానికి పైగా మందికి వస్తాయి. పొట్ట పెరిగేటప్పుడు చర్మం లోపలి పొరలోని కొలాజెన్ పోగులు తెగడం వల్ల ఏర్పడతాయి. మొదట ఎర్రగానో ఊదారంగులోనో ఉండి, నెమ్మదిగా తెల్లబడతాయి. తెల్లబడ్డాక పూర్తిగా పోగొట్టే క్రీమంటూ లేదు. కొబ్బరినూనె పొడిబారడాన్ని తగ్గిస్తుందే తప్ప చారల్ని చెరపదు. లేజర్, మైక్రోనీడ్లింగ్‌లతో కొంత మసకబారతాయి కానీ, చాలా సిటింగులు కావాలి. పెళ్లిలోపు అయ్యే పని కాదు. ఎవరో చెప్పారని స్టిరాయిడ్ క్రీములు మాత్రం రాయకండి. అవి చర్మాన్ని పలచబరిచి, కొత్త చారలు తెస్తాయి.

సినిమాల్లో, ఇన్‌స్టాలో కనిపించే నున్నటి నడుముల వెనక మేకప్, లైటింగ్, ఫిల్టర్లు ఉంటాయి. వాటితో పోల్చుకుని కుంగిపోవద్దు. కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకొని, పమిటకు పిన్ను పెట్టుకుంటే హాయిగా ఉంటుందనుకుంటే అలాగే చేయండి. ఒకవేళ ఈ దిగులుతో నిద్ర, ఆకలి తగ్గితే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి. చెల్లి పెళ్లికి మాత్రం మీకు నచ్చిన చీరే కట్టుకోండి.