అంతర్గత ఆడిటు: చార్టర్డ్ అకౌంటెంట్లకు మరియొక జీవనమార్గము

గిడ్డంగి తలుపు తెరచి, చిట్టాలో వ్రాసిన బస్తాలెన్ని, కన్నులయెదుట నున్న బస్తాలెన్ని అని సరిచూచుట మన సహకార సంఘముల సభ్యులకు క్రొత్త కాదు. సంవత్సరాంతమున ఆడిటరు వచ్చువరకు ఆగక, సంఘమే నెలనెలా ఇట్టి పరీక్ష జరుపుకొన్నచో తప్పు చిన్నదిగా నున్నప్పుడే బయటపడును. పెద్ద సంస్థలలో ఈ పనికే అంతర్గత ఆడిటు అని పేరు. చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలో కృతార్థులైన యువతీయువకులకు ఇది గౌరవప్రదమైన వృత్తి. దీనినిగూర్చి గ్రామములలోని తలిదండ్రులును విద్యార్థులును తెలిసికొనవలసిన విషయములను ఇందు వివరించుచున్నాము.

విశ్వవిద్యాలయము నుండి తార్నాకకు

1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో వాణిజ్యశాస్త్రము చదువుటకు పల్లెలనుండి వచ్చువారు అనేకులు. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కళాశాల రాతి భవనము నుండి తార్నాక కూడలివరకు నడచిన విద్యార్థికి ఈ వృత్తి స్వరూపము చాలవరకు బోధపడును. ఆ పరిసరములలో ఆర్.టి.సి. ఆసుపత్రి కలదు, జాతీయ పోషకాహార సంస్థ కలదు, రసాయన పరిశోధనాలయము కలదు. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు ఆ కూడలిమీదుగా నడచుచున్నది.

ఇట్టి సంస్థ ఏదైనను కొన్ని ప్రశ్నలు తప్పవు. కొన్న మందులు గడువు తీరకముందే రోగులకు చేరుచున్నవా? పరికరము కొనుటకు ముందు పిలిచిన మూడు ధరపట్టికలు నిజముగా మూడు వేర్వేరు వ్యాపారులవేనా? టిక్కెట్ల సొమ్ము ఆనాడే బ్యాంకుకు చేరుచున్నదా? ఈ ప్రశ్న లడుగుట ఎవరినో దొంగలని అనుమానించుట కాదు. పొలమునకు నీరు పెట్టిన రైతు గట్టువెంట నడచి గండి పడినదా అని చూచుట వంటిదే ఈ పని.

ఆడిటులు రెండు విధములు

కంపెనీలలో వాటాదారులు నియమించు ఆడిటరు వేరు, అంతర్గత ఆడిటరు వేరు. మొదటివాడు సంవత్సరపు లెక్కలు యథార్థస్థితిని తెలుపుచున్నవా లేదా అని అభిప్రాయ మిచ్చును. రెండవవాడు సంవత్సరము పొడుగున పని జరుగు తీరును పరిశీలించి, లోపములను యాజమాన్యమునకును డైరెక్టర్ల ఆడిటు సంఘమునకును నివేదించును.

2013 నాటి కంపెనీల చట్టము 138వ విభాగము కొన్ని తరగతుల కంపెనీలకు అంతర్గత ఆడిటును విధిగా నిర్ణయించినది. స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైన ప్రతి కంపెనీయు, 200 కోట్ల రూపాయలు లేక అంతకుమించి వ్యాపారము గల ప్రైవేటు కంపెనీలును ఇందు చేరును. బ్యాంకుల అప్పు 100 కోట్లు మించిన కంపెనీలకును ఇదే నియమము. చార్టర్డ్ అకౌంటెంటుగాని, కాస్ట్ అకౌంటెంటుగాని, డైరెక్టర్ల బోర్డు నిర్ణయించిన ఇతర వృత్తినిపుణుడుగాని ఈ పదవికి అర్హులు. ఒక కంపెనీకి చట్టరీత్యా ఆడిటరుగా నున్నవారు అదే కంపెనీకి అంతర్గత ఆడిటు చేయరాదని 144వ విభాగము నిషేధించుచున్నది. తన పనిని తానే పరీక్షించుకొనుట పరీక్ష కాదు గదా!

ఈ మార్గమున ప్రవేశించుట

1949 జూలై 1న ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఈ పరీక్షలను నిర్వహించుచున్నది. పండ్రెండవ తరగతి ముగించినవారు ఫౌండేషను, ఇంటర్మీడియేటు, ఫైనలు అను మూడు మెట్లెక్కవలెను. వాణిజ్యశాస్త్ర పట్టభద్రులకు నూటికి 55 మార్కులు వచ్చియున్నచో మొదటి మెట్టు అవసరము లేదు. 2023లో అమలునకు వచ్చిన క్రొత్త విధానము ప్రకారము ఆడిటరువద్ద జరుపవలసిన శిక్షణ మూడేండ్లకు బదులు రెండేండ్లు. ఈ కాలములోనే అంతర్గత ఆడిటు పనులు కోరి చేసినవారికి ముందుదారి సుగమమగును.

ఉత్తీర్ణులైన పిమ్మట రెండు ద్వారములు కలవు. పలు కంపెనీలకు ఈ పని చేసిపెట్టు ఆడిటు సంస్థలో చేరుట ఒకటి. ఒకే కంపెనీ ఆడిటు శాఖలో ఉద్యోగము రెండవది. మొదటిచోట పలువిధముల వ్యాపారములు తెలియును; రెండవచోట ఒక వ్యాపారము లోతుగా తెలియును. తొలుత కొన్నియేండ్లు మొదటిచోట పనిచేసి, పిమ్మట రెండవచోటికి పోవుట మేలని మా అభిప్రాయము. 1941లో అమెరికాలో ఏర్పడిన అంతర్గత ఆడిటర్ల సంస్థ మూడు భాగముల పరీక్ష నొకదానిని జరుపుచున్నది. నేడు లెక్కలన్నియు కంప్యూటర్లలోనే యుండుటచే సమాచార వ్యవస్థల ఆడిటునుగూడ అభ్యసించుట అవసరము.

నివేదిక వ్రాయుట

ఈ వృత్తిలో ఎదుగుదల నివేదికమీద ఆధారపడియుండును. ఒక ధాన్యము మిల్లును ఉదాహరణగా తీసికొందము. ప్రతి లారీకి కాటా చీటి ఉండవలెనని నియమము. ఆడిటరు 40 లారీల కాగితములు చూడగా ఆరింటికి చీటి లేదు. ఇంతమాత్రము వ్రాసి ఊరకుండిన చాలదు. ఎందువలన లేదు? రాత్రివేళ కాటావద్ద ఒక్కడే యుండుటవలన. నష్టమేమి? తూకము లేకుండ సొమ్ము చెల్లుట. నివారణ యేమి? చీటి సంఖ్య లేని బిల్లును కంప్యూటరు అంగీకరింపకుండ చేయుట. ఉండవలసినది, ఉన్నది, కారణము, నష్టము, నివారణ - ఈ ఐదును కలిగినదే నివేదిక. దానిని చదివి కాటావద్ద పనిచేయువాడుసైతము ఒప్పుకొనునట్లు ఉండవలెను.

హైదరాబాదు నేర్పిన పాఠము

కౌటిల్యుని అర్థశాస్త్రమున కోశద్రవ్యము నపహరించు మార్గములు నలువది చెప్పబడినవి. మన నగరమే ఈ విషయమున దేశమునకు గుణపాఠము నేర్పినది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు తమ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని లేఖ వ్రాసెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించినది. వారిలో ఆ కంపెనీ అంతర్గత ఆడిటు అధికారియు ఒకడు. ఆ తీర్పుపై అప్పీళ్లు దాఖలైనవి.

యువ ఆడిటరు దీనినుండి గ్రహింపవలసినవి రెండు. బ్యాంకు నిలువను తనకు చూపిన కాగితముతో నమ్మక, నేరుగా బ్యాంకునుండి ధ్రువపరచుకొనవలెను. ఉద్యోగమున చేరుటకు ముందే "నా నివేదిక ఎవరికి చేరును?" అని అడుగవలెను. తాను ఎవరి పనిని పరీక్షింపవలెనో వారికే నివేదించి, వారిచేతనే జీతము పెంచుకొనవలసిన స్థితి యున్నచో నోరు మెదలుట కష్టము. ఆడిటు సంఘమునకు నేరుగా చెప్పుకొను హక్కు ఉన్నచోటనే ఈ పదవికి విలువ. తప్పు తెలిసియు మౌనము వహించినవాడు ఉద్యోగము నిలుపుకొనవచ్చును గాని వృత్తిని పోగొట్టుకొనును.

పల్లెకును ఇది పాఠమే

2006లో ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు ప్రారంభమైనప్పుడు, గ్రామస్థులయెదుట మస్టరు రోలు చదివి, పని చేసినవారినే అడిగి సరిచూచిరి. పేరు వేరైనను ధర్మ మొక్కటే: వ్రాసినది జరిగినదా? విశ్వవిద్యాలయములో ఈ విద్య నేర్చిన మన బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు, సంఘపు చిట్టాను ఒక పూట వారిచేత చూపించుకొనుడు. వారికి అభ్యాసమగును, సంఘమునకు మేలగును.