రుగ్ణబాలుడు – యోగకాయకము

దేహమే దేవాలయమను భావము బసవేశ్వరుని వచనములను చదివినవారి కందఱకును సుపరిచితము. అయినను మన యిండ్లలో దేహమును గూర్చి రెండు విపరీతభావములు నేటికిని కలవు. దేహము నశ్వరము గావున దానిని గూర్చి చింతింపరాదని కొందఱందురు. మంచము పట్టువఱకు దానిని గమనింపక, పిమ్మట దానినే నిందించువారు మఱికొందఱు. ఇష్టలింగమును అహోరాత్రములు దేహముననే ధరించు వీరశైవునకు ఈ రెండును తగవు. లింగమునకు నివేదించిన పదార్థము ప్రసాదమగునని నమ్మువాడు, ఆ ప్రసాదమును గ్రహించు దేహమును తుచ్ఛమని యెట్లనగలడు?

కాయకమను మాట కాయమునుండియే పుట్టినది. నులియ చందయ్య గడ్డికోసి త్రాళ్లు పేనెను. అయిదక్కి మారయ్య రాలిన బియ్యమేరి దాసోహము సాగించెను. ఇవి యన్నియు చేతులును కాళ్లును నడుమును స్వాధీనమైనవారి కథలే. మఱి కాయమే సహకరింపనివాని గతి యేమి? పాఠము చెప్పునప్పుడు విద్యార్థులు తఱచుగా నడుగు ప్రశ్న యిది. దీనికి సమాధానముగా శరణుల చరిత్రలో లేని యొక యుదాహరణమును నేను చెప్పుచుందును. ఆయన శ్రీవైష్ణవుడు, మన సంప్రదాయమువాడు కాడు. శ్రమను పూజగా నెంచినవాడెవ్వడైనను మనకు పాఠ్యాంశమే యని నా యభిప్రాయము.

ఆయన బి.కె.ఎస్. అయ్యంగారు. తెలుగునాటికి పొరుగుననున్న కోలారు జిల్లాలోని బెళ్ళూరు గ్రామమున 1918 డిసెంబరు 14వ తేదీన జన్మించెను. అది ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమును పీడించిన సంవత్సరము. ఆ జ్వరము సోకిన తల్లి గర్భమున పుట్టిన శిశువు బలహీనుడైయుండుటలో వింత లేదు. తండ్రి బడిపంతులు, పిల్లవానికి తొమ్మిదేండ్లు నిండుచున్న కాలముననే గతించెను. మలేరియా, టైఫాయిడు, క్షయ ఒకదాని వెంట నొకటి వచ్చినవి. సన్నని చేతులు, ముందుకు వచ్చిన పొట్ట, నిలుపుటకు ప్రయాసపడవలసిన తల – తన బాల్యరూపమును ఆయనయే యిట్లు వర్ణించుకొనెను.

1934లో మైసూరున నున్న అక్కభర్త తిరుమలై కృష్ణమాచార్యులు ఆ బాలుని తనయొద్దకు రప్పించెను. ఆచార్యులు మహారాజు నాదరణమున జగన్మోహన ప్రాసాదమున యోగశాల నడపుచుండిరి. ఆయన కఠినశాసకుడు. ఈ బక్కవానికి యోగమబ్బునని తొలుత ఆయనకే నమ్మకము లేకుండెను. ఒక ప్రదర్శనమునకు ముందు ముఖ్యశిష్యుడు చెప్పకుండ వెడలిపోగా, వేఱు దారిలేక బావమఱదికి ఆసనములు నేర్పవలసివచ్చినది. ఆ విధముగా దైవవశమున విద్య దొరకినది గాని, దేహము మాత్రము వెంటనే లొంగలేదు. వంగిన ప్రతిపర్యాయము నొప్పియే.

1937లో గురువు ఆయనను పూనాకు పంపెను. వయస్సు పదునెనిమిది, మరాఠీ రాదు, ఆంగ్లము అంతంతమాత్రము. నేర్చుకొనవచ్చిన విద్యార్థులలో తనకంటె పెద్దవారును బలవంతులును ఉండిరి. ఆకలితో గడచిన దినములును కలవు. గురువు సమీపమున లేడు గావున తన దేహమునే పుస్తకముగా జేసికొని, గంటలకొలది సాధన చేసెను. ఏ కండరము లాగుచున్నది? ఏ కీలు బిగిసియున్నది? ఊపిరి ఎక్కడ నిలిచిపోవుచున్నది? ఆరోగ్యవంతునకు ఈ ప్రశ్నలు తోచవు. సులభముగా వంగువాడు ఎట్లు వంగితినని యోచింపడు గదా! బోధకుడుగా ఆయనకు గలిగిన సూక్ష్మదృష్టికి మూలము ఈ కష్టములోనే యున్నదని నేను తలంతును.

తరువాతి చరిత్ర ప్రసిద్ధమే. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ పరిచయమగుటతో విదేశములకు దారి యేర్పడెను. 1966లో ‘లైట్ ఆన్ యోగ’ వెలువడెను. భార్య రమామణి 1973లో గతింపగా, ఆమె పేరిట పూనాలో నిర్మించిన యోగసంస్థ 1975లో ప్రారంభమయ్యెను. పద్మవిభూషణ బిరుదము పొందిన 2014లోనే, ఆగస్టు 20వ తేదీన ఆయన పరమపదించెను. చిన్ననాట ఎక్కువకాలము బ్రతుకడనుకొన్నవాడు తొంబదియైదేండ్లు జీవించెను! యోగము చేసిన ప్రతివానికి ఇట్టి యాయువు లభించునని మాత్రము ఎవ్వరును భ్రమపడరాదు.

మన కిచ్చట ముఖ్యమైనది ఆయన సాధనసామగ్రి. చేయి నేలకందనివానికి చెక్కదిమ్మ, కాలందనివానికి పట్టీ, నిలువలేనివానికి గోడకు బిగించిన త్రాడు, వృద్ధునకు కుర్చీ, గర్భిణికి దిండ్లు – ఇట్లు ఎవరి దేహమునకు తగిన ఊత వారికి కల్పించెను. (త్రాడు యోగమునకును ఉపకరణమైనదని విన్నచో చందయ్య సంతసించియుండును.) ఆసనము కొఱకు మనుష్యుని విఱువరాదు, మనుష్యునికి తగినట్లు ఆసనమును అమర్చవలెను. తాను బాధపడి నేర్చినవాడు గనుకనే ఇతరులకు బాధ తగ్గించు మార్గము వెదకెను. ఇది దాసోహము కాక మఱేమి?

ఇప్పుడు మన పూజాగృహములోనికి వత్తము. మోకాళ్లనొప్పిచే నేలపై పద్మాసనమున కూర్చుండలేక, లింగపూజను సంక్షేపించినవారును, మానివేసినవారును మనలో తక్కువకారు. కుర్చీపై కూర్చుండి పూజించిన దోషమని యింటివారెవ్వరో యనుటయే దీనికి కారణము. లింగమునకు పీఠము ఎడమ అఱచేయి, నేల కాదు. కరపీఠము స్థిరముగా నున్నచో, భక్తుడు చాపపై నున్నను చెక్కకుర్చీపై నున్నను అర్చనకు లోపమేమి? దోషమని చెప్పువారు కరపీఠమును మఱచి చాపను పూజించుచున్నారు.

చేయవలసిన విధమిది. చేతులు లేని గట్టి కుర్చీని జాఱకుండ గోడకు ఆనించి వేయవలెను. పాదములు రెండును నేలకు ఆనవలెను. అందనిచో క్రింద పీట యుంచుకొనవలెను. వీపు నిటారుగా నుండవలెను. ఎడమమోచేతి క్రింద మడచిన దుప్పటియో దిండో పెట్టినచో లింగమును దృష్టికెదురుగా నిలుపునప్పుడు చేయి వణకదు. వాపు, తీవ్రమైన నొప్పి యున్నవారు మొదట వైద్యుని చూడవలెను. రక్తపోటు గలవారు పుస్తకము చూచి శీర్షాసనమునకు పూనుకొనరాదు.

మఠాధిపతులకు ఒక విన్నపము. సామూహిక లింగపూజ జరుగు మందిరములలో వెనుకవరుసన గోడ ననుసరించి పది కుర్చీలు వేయించి, వానికి ముందు పీటలుంచినచో, గుమ్మముకడనే నిలిచి నమస్కరించి వెడలిపోవుచున్న పెద్దలు లోనికి వత్తురు.