దేవుడు క్షమించాడు సరే, మరి నా బాకీ?

ప్రశ్న: మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. మా చీటీ డబ్బు ఎగ్గొట్టిన మనిషి ఇప్పుడు దేవుడు తనను క్షమించాడని చర్చిలో సాక్ష్యం చెబుతున్నాడు. న్యాయవంతుడైన దేవుడు ఇలా వదిలేస్తాడా? – ఒక పాఠకురాలు

జవాబు: క్షమించడం వేరు, వదిలేయడం వేరమ్మా. పాపానికి శిక్ష లేదని క్రైస్తవం చెప్పదు. ఆ శిక్షను క్రీస్తు సిలువమీద భరించాడంటుంది. దేవుడు తన న్యాయాన్ని పక్కన పెట్టకుండానే పాపిని కనికరించాడన్నది రోమా పత్రిక 3వ అధ్యాయంలో పౌలు వాదన. దీనిమీద సంఘాల మధ్య శతాబ్దాలుగా తర్జనభర్జన ఉందనుకోండి.

మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయేది లూకా 19లోని జక్కయ్య. సుంకాల పేరుతో జనాన్ని పిండినవాడు, యేసు ఇంటికొచ్చాక ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. సాక్ష్యమంటే అదీ!

క్షమించినంత మాత్రాన శిక్ష తప్పదనడానికి మరో ఉదాహరణ. మీ బిలాస్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో, 1995లో, అదే రాష్ట్రంలో ఇండోర్ వెళ్తున్న బస్సులో సిస్టర్ రాణి మరియా అనే క్రైస్తవ సన్యాసినిని పొడిచి చంపారు. ఆమె చెల్లెలు జైలుకెళ్లి హంతకుడికి రాఖీ కట్టి క్షమించింది. అయినా అతను ఏళ్ల తరబడి శిక్ష అనుభవించాడు.

కాబట్టి మీరు మనసులో క్షమించినా బాకీ అడగొచ్చు. విశ్వాసులు తగవులు ముందు సంఘంలోనే తేల్చుకోవాలన్నది పౌలు సలహా. చీటీ కాగితాలు పట్టుకుని మీ పాస్టరుగారినీ పెద్దలనూ కలవండి. మొహమాటపడకండి.