పాంపేలో దొరికిన 'లక్ష్మి' ఎవరు?

పోయిన వారం వీడియో స్క్రిప్టులో "రోమన్ల ఊళ్లో లక్ష్మీదేవి విగ్రహం" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తర్వాత కూర్చుని చదివితే సిగ్గేసింది. లాగ్స్ చూడకుండా బగ్ దొరికిందని చెప్పినట్టే అది! తప్పు నాదే కాబట్టి సరిచేయాల్సిందీ నేనే.

ముందు ఊరి సంగతి. పాంపే ఇటలీలో, వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గర ఉంది. ఇప్పుడు సముద్రం కాస్త దూరం గానీ, అప్పట్లో తీరం బాగా దగ్గర. క్రీ.శ. 62లో భూకంపం వచ్చింది. ఆ మరమ్మతులు ఇంకా పూర్తి కాకుండానే 79లో కొండ పేలి, ఊరంతా బూడిద కింద పడిపోయింది. తవ్వకాలు 1748లో మొదలయ్యాయి. దాదాపు మూడో వంతు ఇప్పటికీ మట్టి కిందే ఉంది.

అక్కడి ఇళ్లలో 'లారేరియం' అని ఉండేది. అచ్చం మన దేవుడి గూడే. గోడలో చిన్న గూడు, అందులో ఇంటిని కాపాడే దేవతలు, చాలాచోట్ల కింద పాముల బొమ్మలు కూడా. ఈజిప్టు దేవత ఐసిస్‌కైతే ఏకంగా గుడే ఉంది. అంటే పరాయి దేశపు దేవతకి పూజ చేయడం వాళ్లకి కొత్తేమీ కాదు.

ఇక మన బొమ్మ. 1938లో ఒక ఇంట్లో దొరికింది. ఏనుగు దంతంతో చేసింది, ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. ఒంటి నిండా నగలు, రెండు పక్కలా చెలికత్తెలు. తవ్వించిన అమెడియో మైయూరి లక్ష్మి అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. కానీ చేతిలో తామర లేదు, పక్కన ఏనుగులూ లేవు. పైగా తల మీంచి లోపలికి రంధ్రం ఉంది. అద్దం పిడో, బల్ల కాలో అయ్యుంటుందంటారు. అందుకే చాలామంది పండితులు యక్షి అంటున్నారు. పూజలు జరిగాయనడానికి ఆధారమేమీ లేదు.

భారతదేశం నుంచి వెళ్లిందన్నది మాత్రం ఖాయం. పీఠం మీద ఖరోష్ఠి అక్షరం ఉంది. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. అవి మన శాతవాహనులు ఏలిన ప్రాంతాలే.

ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకే పోతున్నాయని పెద్ద ప్లినీ అప్పట్లో వాపోయాడు. ఇలాంటి సరుకులు కొనేవాళ్ల మీదే ఆయన కోపం. ఆయన ప్రాణం పోయిందీ ఆ 79 నాటి పేలుడులోనే.