ఊపిరి, ఉబ్బసం, నలభై అయిదేళ్లు
కర్నూలు, కడప పోటీ పరీక్షల అభ్యర్థులు పద్మ పురస్కారాలను కంఠతా పడతారు గానీ శాస్త్ర బహుమతుల వయసు నిబంధన అడిగితే తడబడతారు. శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి 45 ఏళ్ల లోపు శాస్త్రవేత్తలకే దక్కేది. 2014లో వైద్య విభాగంలో అందుకున్న అనురాగ్ అగ్రవాల్ పరిశోధన ఉబ్బసం మీద. పిల్లల్ని ఎక్కువగా పీడించే దీర్ఘకాలిక శ్వాస జబ్బు అదే. 2024 నుంచి ఈ బహుమతి ‘విజ్ఞాన్ యువ’ పేరుతో రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాల్లో భాగం.

మనవైపు చూస్తే, కర్నూలు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివిన డి. నాగేశ్వరరెడ్డి. 1956లో పుట్టారు, 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్. అయితే ఆయనది జీర్ణకోశ వైద్యం. ఊపిరితిత్తుల నిపుణుడని ఆప్షన్ ఇస్తే పడిపోకండి!

మళ్లీ ఊపిరి విషయానికొస్తే, పిల్లల న్యుమోనియాపై కేంద్రం 2019లో మొదలుపెట్టిన కార్యక్రమం ‘సాన్స్’. హిందీలో ఊపిరి అని అర్థం. ప్రపంచ న్యుమోనియా దినం నవంబరు 12.